ఎర్ర గసగసాల పూలకు అర్థం ఎక్కడ వెతకాలి? నోల్డె పూల చిత్రాల గురించి

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ఫైన్ ఆర్ట్స్ రెండో ఏడు చదువుతున్న అమ్మాయికి ‘ఎక్స్‌ప్రెషనిస్టు పూల చిత్రాల్లో ప్రతీకలు’ అని అసైన్‌మెంట్ ఇచ్చారు. (కంటికి కనిపించిన రూపం కంటే లోపలి ఉద్వేగాన్ని గాఢమైన రంగుల్లో వేసినవాళ్ళు ఎక్స్‌ప్రెషనిస్టులు.) తను ఎంచుకున్న బొమ్మ జర్మన్ చిత్రకారుడు ఎమిల్ నోల్డె 1942లో వేసిన ఆయిల్ పెయింటింగ్, ‘పెద్ద గసగసాల పూలు (ఎరుపు, ఎరుపు, ఎరుపు)’. నెట్‌లో వెతికితే ఒక చోట ఈ పువ్వు నిద్రకూ మత్తుకూ గుర్తని, ఇంకో చోట యుద్ధంలో చనిపోయిన సైనికులకు గుర్తని, మరో చోట ఎరుపంటే కోపమో కామమో అని ఉందట. ‘ఇందులో ఏది కరెక్టు సార్, లేక అన్నీ రాసేయమంటారా?’ అని అడిగారు.

అన్నీ రాసేయకండి. ఆ మూడింట్లో ఒక్కటి కూడా ఈ బొమ్మకు సరిగ్గా అతకదు. చాలా ఏళ్ళు పెయింటింగ్ పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ రకం అసైన్‌మెంట్లు కుప్పలుగా దిద్దాను. అందరూ ఇక్కడే జారతారు. ఎందుకో వివరంగా చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు పువ్వు సంగతి తేల్చుకుందాం. మనం గసగసాల పువ్వు అని ఒకే మాటతో చెప్పేస్తాం గానీ అందులో వేరువేరు మొక్కలున్నాయి. మసాలాలోకి నూరే గసగసాలు ఒక మొక్కవి. దాని పచ్చికాయను గీరితే కారే పాల నుంచే నల్లమందు తీస్తారు. నిద్ర, మత్తు, మరపు, మరణం అనే అర్థాలన్నీ ఆ మొక్కవి. గ్రీకులు నిద్రదేవుడికి ముడిపెట్టింది దాన్నే. రెండోది ఐరోపా గోధుమ చేలలో కలుపులా మొలిచే చిన్న ఎర్రపువ్వు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో సైనికుల సమాధుల మధ్య పూసింది అదే. 1915లో కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్రే దాని మీద పద్యం రాశాక ఆ పువ్వుకు పేరొచ్చింది. 1921 నుంచి బ్రిటన్‌లో ప్రతి నవంబరులో కోటుకు ఆ పువ్వు గుచ్చుకోవడం ఆనవాయితీ అయింది. అది బ్రిటన్, కామన్వెల్త్ దేశాల ఆచారం, జర్మనీది కాదు. 1942లో బ్రిటన్‌తో యుద్ధం చేస్తున్న జర్మనీలో కూర్చున్న 75 ఏళ్ళ జర్మన్ ముసలాయన శత్రుదేశపు సంస్మరణ చిహ్నం వేశాడని రాస్తే మీ లెక్చరర్ నవ్వుకుంటారు.

నోల్డె తోటలో పెంచుకున్నది వీటిలో ఏదీ కాదు. అది ఓరియంటల్ పాపీ. టర్కీ, కాకసస్ కొండల వైపు నుంచి ఐరోపా తోటల్లోకి వచ్చిన అలంకారపు మొక్క. ఒక్కో పువ్వు అరచేయంత ఉంటుంది. రేకులు మొగ్గలో నలిపి కుక్కినట్టు మడతపడి ఉంటాయి, విచ్చుకున్నాక కూడా ఆ ముడతలు పూర్తిగా పోవు. రేకుల అడుగున నల్లటి మచ్చ, మధ్యలో నల్లటి కేసరాల గుత్తి. నాలుగు రోజులు కూడా గట్టిగా నిలవదు, గాలి కొడితే రేకులు రాలిపోయి కాయ మిగులుతుంది. ఈ సంగతులు ముందు నోట్ చేసుకోండి, కింద పనికొస్తాయి. ప్రతీక గురించి రాసేముందు ఆ పువ్వు ఏదో, ఎలా పూస్తుందో, ఎంతసేపు నిలుస్తుందో తెలుసుకోవడం సగం పని.

పువ్వుకొక అర్థం అనే పద్ధతి అసలు లేదని నేననడం లేదు. ఉండేది, దానికి దాని కాలం, దాని ఊరు ఉన్నాయి. 17వ శతాబ్దపు హాలండ్ చూడండి. హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో అంబ్రోసియస్ బోస్‌కార్ట్ 1618 ప్రాంతంలో వేసిన ఒక బొమ్మ ఉంది. కిటికీలో పూలకుండీ. అందులో ఉన్న పూలన్నీ ఒకే కాలంలో పూసేవి కావు. విడివిడిగా గీసి పెట్టుకున్న స్కెచ్‌ల నుంచి ఏరి ఒకే గుత్తిలో పేర్చాడు, అంటే ఆ గుత్తి ఎవరి ఇంట్లోనూ ఎప్పుడూ లేదు. ఆ కాలపు డచ్ పూల బొమ్మల్లో పురుగు తిన్న ఆకు, ఈగ, రాలిన రేకు, ఒక్కోసారి పుర్రె, ఇసుక గడియారం కూడా కనిపిస్తాయి. అంతా వ్యర్థమే, అంతా పోయేదే అనే బైబిలు మాట వేసినవాడికీ తెలుసు, డబ్బిచ్చి కొన్న వ్యాపారికీ తెలుసు. ఇద్దరి మధ్యా ఒప్పందం ఉంది కాబట్టి అక్కడ గుర్తులు పనిచేశాయి. తర్వాత 1819లో పారిస్‌లో పూలభాష మీద ఒక పుస్తకం వచ్చింది. ఏ పువ్వు పంపితే ఏమని అర్థమో చెప్పే అలాంటి పుస్తకాలు ఆ శతాబ్దమంతా డబ్బున్న ఇళ్ళల్లో కాలక్షేపంగా చెలామణి అయ్యాయి. మీకు నెట్‌లో దొరికిన అర్థాల్లో చాలావరకు ఈ రెండింటి ఎంగిలే.

రంగుల సంగతీ అంతే. ‘ఎరుపంటే కోపం’ లాంటి జాబితాలకు ఆధారంగా రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ పేరు చెప్తారు. నిజమే, ఆయన రంగుల గుణాల మీద పుస్తకమే రాశాడు. పసుపు భూమికి చెందిందని, చూసేవాడి మీదికి దూసుకొస్తుందని ఆయన వాదన. తర్వాత ఆయనతో కలిసి పనిచేసిన చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ 1910 చివర్లో మిత్రుడు ఆగస్ట్ మాకెకు రాసిన ఉత్తరంలో పసుపు స్త్రీగుణం గలదనీ, మృదువైనదనీ రాశాడు. ఒకే గుంపులో, ఏడాది తేడాలో ఇద్దరు స్నేహితులకే పసుపు మీద పొంతన కుదరలేదు. అలాంటిది వాళ్ళ జాబితా తీసుకెళ్ళి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఒంటరిగా పనిచేసుకున్న నోల్డెకు తగిలిస్తే ఎలా?

ఇక నోల్డె. అసలు పేరు హన్స్ ఎమిల్ హాన్సెన్. 1867లో జర్మనీ, డెన్మార్క్ సరిహద్దులో నోల్డె అనే పల్లెలో రైతు ఇంట పుట్టాడు. కొయ్యచెక్కడం నేర్చుకుని, స్విట్జర్లాండ్‌లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి, ముప్పై దాటాక పూర్తిగా పెయింటింగ్‌లోకి దిగాడు. 1902లో ఆడా అనే డేనిష్ నటిని పెళ్ళి చేసుకున్నప్పుడు ఇంటిపేరుగా తన ఊరి పేరు పెట్టుకున్నాడు. మరుసటేడు ఇద్దరూ అల్జెన్ ద్వీపంలో ఒక జాలరి ఇంట్లో కాపురం పెట్టారు. చుట్టుపక్కల ఇళ్ళ ముందు చిన్న చిన్న పూలతోటలు. ఆ తోటల్లోకి ఈజిల్ మోసుకెళ్ళి వేయడం మొదలుపెట్టాడు. 1906లో డ్రెస్‌డెన్ కుర్రాళ్ళ గుంపు ‘డీ బ్రూకె’ తరఫున కార్ల్ ష్మిట్-రోట్‌లుఫ్ ఉత్తరం రాసి, మీ రంగుల తుఫానులకు మా నమస్కారం, మాలో చేరండి అన్నాడు. చేరాడు. ఏడాదిన్నరకే బయటికొచ్చేశాడు. గుంపుల్లో ఇమిడే మనిషి కాదు.

ఇక్కడ ఒకటి గమనించండి. స్టిల్ లైఫ్ అంటే మనకు క్లాసులో నేర్పేది బల్ల, గుడ్డ, కుండీ, కుండీలో పూలు. నోల్డె పూల బొమ్మల్లో చాలావాటిలో బల్లా లేదు, కుండీ లేదు. ముఖం పువ్వులో పెట్టి చూసినంత దగ్గర. కాగితం అంచులు రేకుల్ని నిర్దాక్షిణ్యంగా కోసేస్తాయి. వెనక ఎంత లోతుందో తెలియదు, భూమెక్కడో ఆకాశమెక్కడో తెలియదు. కుండీ ఉంటే అది ఎవరో కోసి, తెచ్చి, అమర్చిన పువ్వు. అక్కడ ఒక ఇల్లుంటుంది, ఒక మనిషి అభిరుచి ఉంటుంది. కుండీ తీసేస్తే ఆ మధ్యమనిషి పోతాడు. పువ్వు మీకెదురుగా నిలబడుతుంది, దాదాపు ఒక ముఖంలాగా. నా దృష్టిలో నోల్డె పూలలో అర్థం పుట్టే మొదటి చోటు ఇది. ఏ పువ్వు అన్నదానికంటే ఎంత దగ్గర అన్నది ముఖ్యం.

రెండో చోటు రంగు వేసిన తీరు. ఆయన వాటర్ కలర్లు దీనికి మంచి పాఠం. పీల్చుకునే గుణం ఎక్కువున్న జపాన్ కాగితాన్ని తడిపి, ఆ తడి మీదే కుంచె నిండా రంగు ముంచి వదిలేవాడు. మీరూ ఒకసారి చేసి చూడండి, పావుగంట పని. చేతితయారీ కాగితం ముక్క తడిపి ఎర్ర చుక్క వేయండి. మధ్యలో చిక్కగా నిలిచి, అంచుల్లో చెదురుతూ నడుస్తుంది. అది ఆరకముందే పక్కన ఆకుపచ్చ వేయండి. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కలిసిన చోట మురికి గోధుమరంగు తేలుతుంది. మామూలుగా మేం ఆ మురికిని తప్పు అంటాం, మార్కులు కోస్తాం. నోల్డె దాన్ని ఉంచేస్తాడు. అక్కడే రేకు నీడలోకి తిరిగినట్టనిపిస్తుంది. రేకు అంచు ఎక్కడాగాలో చేయి నిర్ణయించదు, నీళ్ళు నిర్ణయిస్తాయి. 1908 చలికాలంలో యేనా ఊరి దగ్గర ఆరుబయట వేస్తుంటే తడిరంగు మీద మంచు గడ్డకట్టి స్ఫటికాల గీతలు పడ్డాయట. చెడిపోయిందని చింపేయలేదు సరికదా, ప్రకృతి తనతో కలిసి వేస్తోందని సంబరపడ్డాడు. పువ్వును పోలినట్టు వేయడం వేరు, పువ్వు విచ్చుకున్న పద్ధతిలోనే రంగునూ విచ్చుకోనివ్వడం వేరు. ఆయనది రెండో దారి. మీ అసైన్‌మెంట్‌లో ‘ప్రతీక’ అన్న మాట వాడాల్సి వస్తే ఇక్కడ వాడండి.

ఇప్పుడు మీ బొమ్మ. పేరులో ‘ఎరుపు’ మూడుసార్లుంది. పేరు పెట్టినవాడే ఎక్కడ చూడాలో చెప్పేశాడు. పువ్వు పేరు ఒక్కసారి, రంగు పేరు మూడుసార్లు. ఎరుపు మీద ఎరుపు వేయడం ఎంత కష్టమో వేసినవాళ్ళకు తెలుసు. క్లాసులో నేర్పే మామూలు ఉపాయం, ఒక రేకును ముదురు చేసి పక్కదాన్ని లేత చేయడం. అలా చేస్తే గుండ్రదనం వస్తుంది, వెలుగు చస్తుంది. రెండో ఉపాయం, రెండింటినీ ఒకే బరువులో ఉంచి ఒకదాన్ని నారింజ వైపూ ఇంకోదాన్ని కుంకుమ వైపూ జరపడం. అప్పుడు రేకులు విడిపడతాయి గానీ ఏదీ వెనక్కి తగ్గదు, అన్నీ ఒకేసారి ముందుకొస్తాయి. ప్రింటు ముందు పెట్టుకుని రెండు రేకులు కలిసే చోట ఒక్క అంగుళం మేర చూడండి. కంటికి ఎక్కడా విశ్రాంతి దొరకకుండా ఆయన ఏం చేశాడో మీకే తెలుస్తుంది. పచ్చదనం పక్కన పడ్డ ఎరుపు ఎందుకు రెట్టింపు మండుతుందో మీ కలర్ వీల్ చెప్తుంది, దాన్ని ఒక్క వాక్యంలో దాటేయండి. నల్లటి నడిమిభాగాల మీద మాత్రం ఆగండి. అంత ఎరుపులో చూపు ఆనేది వాటి మీదే.

ఇక పూల గురించి ఆయనే ఏమన్నాడు? ఆత్మకథలో పూల తలరాత అంటే తనకిష్టమని రాసుకున్నాడు. మొలవడం, పూయడం, వెలగడం, మండటం, సంతోషపెట్టడం, వంగడం, వాడటం, చివరికి గోతిలో పారేయబడటం, ఇలా వరసగా చెప్పుకొచ్చి, మనిషి బతుకు అన్నిసార్లూ ఇంత పద్ధతిగా, ఇంత అందంగా ఉండదు అంటాడు. డచ్‌వాళ్ళ మాటతో పోల్చి చూడండి. వాళ్ళకు వాడిపోవడం హెచ్చరిక: పువ్వును చూసి బుద్ధి తెచ్చుకో అని. ఈయనకు వాడిపోవడం అసూయ పుట్టించే విషయం. పువ్వుకున్నంత నిండు జీవితం మనకెక్కడిది అంటున్నాడు. మీ అసైన్‌మెంట్‌కు నడుం ఈ తేడానే. పైన చెప్పిన నాలుగు రోజుల్లో రాలిపోయే పువ్వు సంగతి ఇక్కడ తెచ్చి కలపండి.

1927 ప్రాంతంలో నోల్డె దంపతులు సరిహద్దుకు జర్మనీ వైపు జేబ్యూల్ అనే చోట సొంత ఇల్లు కట్టుకున్నారు. చిత్తడి నేల, ఈదురుగాలి, చెట్టన్నది లేని మైదానం. రెల్లు, పొదలు అడ్డం పెట్టి లోపల తోట వేశారు. తోట బాటలు ఇంగ్లిష్ E, A అక్షరాల ఆకారంలో ఉంటాయి, ఎమిల్, ఆడాల పేర్లలో మొదటి అక్షరాలు. ఇప్పటికీ ఆ ఇల్లూ తోటా నోల్డె ఫౌండేషన్ చూసుకుంటోంది, సందర్శకులు వెళ్ళొచ్చు. మీ గసగసాల పూలు ఆ తోటవే.

ఇంతవరకు హాయిగానే ఉంది. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది, దీన్ని దాటేసి రాయకూడదు.

1937లో నాజీలు మ్యూజియంల నుంచి ‘దిగజారిన కళ’ పేరుతో బొమ్మలు ఊడబెరికినప్పుడు ఒక్క నోల్డెవే 1,052 పోయాయి. ఏ చిత్రకారుడికీ అన్ని పోలేదు. 1941 ఆగస్టులో వృత్తిపరమైన నిషేధం పడింది: అమ్మకూడదు, ప్రదర్శించకూడదు, అచ్చు వేయకూడదు. యుద్ధం అయ్యాక దీని చుట్టూ ఒక కథ అల్లుకుంది. ఆయన్ను అసలు బొమ్మలే వేయనివ్వలేదని, ఆయిల్ వాసన బయటికొస్తే పోలీసులు పసిగడతారని భయపడి అరచేయంత కాగితాల మీద దొంగచాటుగా వాటర్ కలర్లు వేశాడని. ఆ కథ వెలుగులో చూస్తే ఆయన పూలన్నీ అణచివేతను ఎదిరించిన పూలైపోతాయి. 1943లో వేసిన ‘తుఫానుగాలిలో పొద్దుతిరుగుడు పూలు’ అని ఒక బొమ్మ అమెరికాలో కొలంబస్ ఊరి మ్యూజియంలో ఉంది. నల్లబడ్డ ఆకాశం కింద వంగిపోతున్న పూలు. ఇంకేం కావాలి, హింసకు గురైన కళాకారుడి ఆత్మచిత్రం అని ఎన్నేళ్ళో చదివారు.

కానీ నోల్డె 1934లోనే నాజీ పార్టీ సరిహద్దు ప్రాంతపు శాఖలో చేరాడు. యూదుల మీద ద్వేషం ఆయన రాతల్లో దండిగా ఉంది. ప్రభుత్వం తన బొమ్మల్ని ఛీకొట్టాక కూడా ఆయన దాన్ని నమ్ముతూనే ఉన్నాడు. 2019లో బెర్లిన్‌లోని హాంబుర్గర్ బాన్‌హోఫ్ మ్యూజియంలో ఫౌండేషన్ సొంత దస్తావేజులు తిరగేసి పెట్టిన ప్రదర్శన ఇదంతా బయటపెట్టింది. అదే సమయంలో అప్పటి చాన్సలర్ ఏంజెలా మెర్కెల్ ఆఫీసు గోడ మీద నుంచి రెండు నోల్డె బొమ్మలు దిగిపోయాయి. ఒకటి 1936 నాటి సముద్రపు కెరటం, రెండోది 1915 నాటి పూలతోట.

మీ బొమ్మ తేదీ మళ్ళీ చూడండి: 1942. నిషేధం పడ్డ మరుసటేడు. మాధ్యమం ఆయిల్. సైజు చూస్తే దాచుకోవడానికి వేసిన చిన్న కాగితం కాదు, గోడకు తగిలించే క్యాన్వాస్. అంటే ఆ దొంగచాటు కథను ఈ ఎర్రపూలే సగం కొట్టేస్తున్నాయి. ఇలాంటి సాక్ష్యం ఎదురుగా ఉన్నప్పుడు నల్లమందు, నిద్రదేవుడు అని రాయడం ఎంత దండగో చూడండి.

అయితే ఆ పూలను నాజీ పూలు అనొచ్చా అని క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు. నేనైతే అనను. ఎరుపు పక్కన ఎరుపు పెట్టిన నేర్పులో పార్టీ సభ్యత్వం ఎక్కడా కనిపించదు. అలాగని పూలు అమాయకం, రాజకీయం వేరు, కళ వేరు అని చేతులు దులిపేసుకోవడమూ కుదరదు. యుద్ధం తర్వాత నోల్డె అంత సులువుగా అందరి ఇళ్ళలోకీ క్యాలెండర్లయి, పోస్టర్లయి వెళ్ళిపోవడానికి కారణం ఈ పూలే. పువ్వును చూసి ఎవరూ ప్రశ్నలడగరు. నా తీర్పు ఇంతే: పొద్దుతిరుగుడు పూలను ఆయన బాధకు గుర్తుగా చదవడం మానేయండి, గాలికి వంగిన పూలుగా చదవండి. ఆ గాలి ఆ మైదానంలో ఏటా వీచేదే.

ఇంకో జాగ్రత్త. రంగును బట్టి అర్థం చెప్పేముందు ఆ రంగు వేసినప్పుడు అలాగే ఉందా అని కనుక్కోవాలి. వాన్ గో 1890 మేలో ఫ్రాన్స్‌లోని సాన్ రెమీ ఆసుపత్రి వదిలే ముందు నాలుగు పెద్ద పూలగుత్తులు వేశాడు, రెండు ఐరిస్, రెండు గులాబీ. వాషింగ్టన్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఉన్న ఆ గులాబీలు ఇప్పుడు దాదాపు తెల్లగా కనిపిస్తాయి. తెలుపు, శాంతి, రాబోయే చావు అంటూ వాటి మీద ఎంతైనా రాయొచ్చు. కానీ వాన్ గో వేసింది గులాబీరంగు పూలు. ఆయన వాడిన ఎర్ర ‘లేక్’ రంగు (అద్దకపు రంగుతో తయారయ్యేది) వెలుతురుకు వెలిసిపోయేది. న్యూయార్క్ ఐరిస్ పూల వెనక ఉండే గులాబీరంగూ అలాగే పోయింది. ఆయనకు తెలియక కాదు, బొమ్మలు కూడా పూలలాగే వాడిపోతాయని తమ్ముడికి రాశాడు కూడా. ఇక మనం చూసేది ప్రింటూ, ఫోన్ స్క్రీనూ. అందుకని ‘ముదురు ఎరుపు’, ‘లేత ఎరుపు’ అని మరీ గట్టిగా వాదించకండి, రంగుల మధ్య తేడా గురించి మాట్లాడండి.

గుర్తులు నిజంగానే గుర్తులుగా పనిచేసిన ఎక్స్‌ప్రెషనిస్టు స్టిల్ లైఫ్ ఒక్కటైనా చెప్పండి అంటారేమో, గాబ్రియేల్ మ్యుంటర్ 1911లో వేసిన ‘సెయింట్ జార్జితో స్టిల్ లైఫ్’ చూడండి, మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్‌లో ఉంది. మసక చీకట్లో మేరీమాత బొమ్మలు, వాటి పైన రాక్షససర్పాన్ని చంపే జార్జి. ఆ జార్జి మ్యుంటర్, కాండిన్‌స్కీ, మార్క్‌ల ‘బ్లూ రైడర్’ గుంపుకు ఇలవేల్పు లాంటివాడు, వాళ్ళ పుస్తకం అట్ట మీద కూడా ఆయనే. అక్కడ గుర్తు అనొచ్చు, ఎందుకంటే వాళ్ళ మధ్య ఒప్పందం ఉంది. నోల్డె పూలకు అలాంటి ఒప్పందం లేదు.

చివరగా మీరు అడగనిది ఒకటి. ఇది చెప్పకుండా ఉండలేను. చిత్రకారుడు కె.హెచ్. ఆరా పేరు విన్నారా? కృష్ణాజీ హౌలాజీ ఆరా, 1914లో పుట్టింది మన సికింద్రాబాద్ బొల్లారంలో. చిన్నప్పుడే తల్లి పోయింది, ఏడేళ్ళ వయసులో బొంబాయి చేరాడు. ఇళ్ళల్లో పనివాడిగా బతికాడు, కార్లు కడిగాడు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళాడు. ఆయన బొమ్మల్ని ముందుగా గుర్తించి నిలబెట్టినవాళ్ళలో ముఖ్యులు రూడీ వాన్ లైడెన్, వాల్టర్ లాంగ్‌హామర్. ఒకరు జర్మనీ నుంచి, ఇంకొకరు వియన్నా నుంచి, నాజీల దెబ్బకు దేశం విడిచి బొంబాయి చేరినవాళ్ళు. ఆ ఊరి కుర్ర చిత్రకారులకు ఆధునిక ఐరోపా పెయింటింగ్‌ను ఇళ్ళకు పిలిచి మరీ చూపించారు. 1942లో, అంటే నోల్డె మీ ఎర్రపూలు వేసిన ఏడాదే, బొంబాయిలోని చేతనా రెస్టారెంట్‌లో ఆరా మొదటి ప్రదర్శన జరిగింది. 1947లో సూజా, రజా, హుసేన్, గాడే, బాక్రేలతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ అనే కళాకారుల గుంపు పెట్టాడు. జీవితమంతా ఆయన మళ్ళీ మళ్ళీ వేసింది పూలకుండీలే. నోల్డె ఏ పార్టీలో చేరాడో ఆ పార్టీ తరిమేసినవాళ్ళ చేతుల మీదుగా ఆ ఆధునిక ఐరోపా రంగు ఇక్కడికొచ్చింది, బొల్లారం కుర్రాడి పూలకుండీలో పడింది.

ఆరా పూలు నోల్డె పూలకు పూర్తిగా ఎదురు. కుండీ ఉంటుంది, బల్ల ఉంటుంది, గుత్తి సరిగ్గా మధ్యలో ఉంటుంది. వాటర్ కలర్‌ను, గువాష్‌ను (అడుగు కనిపించనివ్వని చిక్కటి నీటిరంగు) ఆయిల్ అంత మందంగా పూసేవాడు, అదే ఆయన చేతి సంతకం. పెద్ద పూలు, లావు కుంచె, నీడల గొడవ తక్కువ. జీవితంలో సొంత ఇల్లూ బల్లా లేకుండా పెరిగినవాడు కాబట్టి కుండీని అంత నమ్మకంగా మధ్యలో నిలబెట్టాడని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ, మీ పేపర్లో నిజమని రాయకండి. కానీ నోల్డె కుండీ తీసేశాడు, ఆరా కుండీ నిలబెట్టాడు అన్న పోలిక మాత్రం కంటికి కనిపించేదే. రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టి దాని మీద ఒక పేజీ రాయగలిగితే క్లాసులో ఇంకెవరూ రాయని పేపరు అవుతుంది.

రాసేటప్పుడు వరస ఇలా పెట్టుకోండి. మొదటి పేరాలో బొమ్మలో కంటికి కనిపించేది మాత్రమే: ఎన్ని పూలు, ఏ దశలో ఉన్నాయి, అంచు ఎక్కడ కోసింది, ఏ ఎరుపు పక్కన ఏ ఎరుపు. ‘సూచిస్తుంది’, ‘ప్రతీక’ అనే మాటలు ఆ పేరాలో రానివ్వకండి. తర్వాత ఆ మొక్క సంగతి, ఆ తర్వాత నోల్డె మాట, ఆ పైన 1942. డచ్ బొమ్మతో పోలిక కావాలంటే అర పేజీ చాలు. నల్లమందు, సైనికుల సమాధులు అసలు వదిలేయలేకపోతే ఒకే వాక్యంలో చెప్పి, ఎందుకు వర్తించవో అక్కడే రాసేయండి. అలా రాస్తే చదివి కాదన్నారని తెలుస్తుంది, నెట్‌లో దొరికింది దింపారనుకోరు. ఆరా బొమ్మల మంచి ప్రింట్లు దొరక్కపోతే ఇక్కడే అడగండి, మ్యూజియంల కేటలాగులు ఎక్కడ చూడాలో చెప్తాను.